ట్రైనింగ్ అయ్యాక పని మారిందా? పోలీస్ స్టేషన్ సిబ్బంది శిక్షణను కొలిచి, సరిదిద్దుకునే పద్ధతి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సర్కిల్ ఇన్‌స్పెక్టర్లు, డీటీసీల్లో (జిల్లా పోలీసు శిక్షణ కేంద్రాల్లో) పాఠాలు చెప్పేవాళ్ళు, స్టేషన్ ఎస్‌ఐలు తిప్పి తిప్పి అడిగే ప్రశ్న ఇది: "సిబ్బందికి ట్రైనింగ్ అయితే ఇచ్చాం. పనికొచ్చిందో లేదో ఎలా తేలుతుంది?" హాజరు పట్టీ చూస్తే తేలదు. అందులో ఎవరు వచ్చారో ఉంటుంది గానీ ఎవరికి ఏం వచ్చిందో ఉండదు. చివర్లో పెట్టిన రాతపరీక్షలో అందరికీ మంచి మార్కులు వచ్చినా తేలదు. మర్నాడు స్టేషన్లో పంచనామా మళ్ళీ పాత పద్ధతిలోనే రాస్తే ఆ మార్కులు దేనికి?

శిక్షణ ఫలితం కనబడేది రెండు చోట్ల: సిబ్బంది చేతుల్లో, స్టేషన్ కాగితాల్లో. ఈ రెండింటినీ శిక్షణకు ముందు, ముగిసిన రోజున, రెండు నెలల తర్వాత చూడాలి. కింద చెప్పేదంతా అదే. ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు ఒకటి నుంచి మూడు రోజులు జరిగే కోర్సులకు ఇది సరిపోతుంది. ఒంగోలు పీటీసీలో (పోలీసు శిక్షణ కళాశాలలో) జరిగేలాంటి నెలల తరబడి ప్రాథమిక శిక్షణను కొలవడానికి ఇది చాలదు.

అర్థం కావడానికి ఒకే కోర్సును మొదటి నుంచి చివరిదాకా పట్టుకుందాం: సోదా, స్వాధీనం వీడియో తీయడం. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చాక బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 105వ సెక్షన్ ప్రకారం ఇది తప్పనిసరి. చాలా స్టేషన్లలో తడబాటు ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే.

కావలసినవి

- గత మూడు నెలల్లో స్వాధీనం జరిగిన 20 కేసు ఫైళ్ళు. స్టేషన్లోనే చూడాలి, బయటికి తీసుకుపోకూడదు.
- ఒక పేజీ చెక్‌లిస్టు. 12 అంశాలు దాటకూడదు.
- 15 ప్రశ్నల సన్నివేశ పరీక్ష. ముందొక ప్రతి, తర్వాత ఒక ప్రతి. సన్నివేశాలు వేరు, పరీక్షించే విషయం ఒకటే.
- ఇద్దరు పరిశీలకులు. ఒకరు పాఠం చెప్పినవారు కాకూడదు. కోర్టు పని తెలిసిన ఏఎస్‌ఐ గానీ, వీలైతే ఏపీపీ (ప్రభుత్వం తరఫున వాదించే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గానీ ఉంటే మేలు.
- ప్రాక్టికల్‌కు పాత ఫోను ఒకటి, సంచి, కవర్లు, లక్క, సీలు, ట్రైపాడ్, వీడియో తీసే ఫోను.
- క్యాలెండరులో 90 రోజులు.

1. కోర్సు పేరును పనిగా మార్చి రాయండి

"కొత్త చట్టాలపై అవగాహన" అని రాస్తే కొలవడానికి ఏమీ ఉండదు. ఇలా రాయండి: "సోదాకు వెళ్ళిన హెడ్ కానిస్టేబుల్ మొదటి నుంచి మధ్యవర్తుల (సోదాకు సాక్షులుగా ఉండేవారి) సంతకాల దాకా ఆగకుండా వీడియో తీసి, హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే డిజిటల్ గుర్తు) నమోదు చేసి, ఆలస్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపగలగాలి." ఈ వాక్యంలో ఎవరు, ఏ పని, ఎక్కడి దాకా అన్నవి మూడూ ఉన్నాయి. ఒక రోజు కోర్సుకు ఇలాంటి వాక్యాలు రెండు చాలు. అయిదు రాశారంటే ఒక్కటీ నేర్పలేరు.

2. ఎవరిని పంపుతున్నారో చూడండి

శిక్షణ చెడేది చాలాసార్లు ఇక్కడే. సర్కులర్ రాగానే ఆ రోజు ఖాళీగా ఉన్నవాళ్ళను పంపుతారు. పని చేసేదేమో స్టేషన్ రైటరు (కేసు కాగితాలు రాసే సిబ్బంది), కోర్టు కానిస్టేబులు. వాళ్ళు లేకపోతే స్టేషన్ నడవదు కాబట్టి వాళ్ళకు ఎప్పటికీ వంతు రాదు. కోర్సుకు వెళ్ళొచ్చినవాళ్ళు మళ్ళీ సెంట్రీ డ్యూటీ ఎక్కుతారు. నేర్చుకున్నదొకరు, రాసేదొకరు. ఫలితం సున్నా.

ఒక్కో స్టేషన్ నుంచి ఇద్దరిని జతగా అడగండి: గత నెలలో నిజంగా పంచనామా రాసినవారు, వీడియో తీసినవారు. రైటరును ఒకేసారి రెండు రోజులు వదలలేమంటే రెండు పూటలుగా విడగొట్టి పిలవండి. బ్యాచ్ 24 మందికి మించితే చేతులకు పని దొరకదు.

3. ముందు కొలత: 20 ఫైళ్ళు

ఫైళ్ళను రైటరు ఏరి ఇవ్వకూడదు. ఏరితే బాగున్నవే వస్తాయి. మూడు నెలల ఎఫ్‌ఐఆర్ రిజిస్టరులో స్వాధీనం ఉన్న కేసులు వరుసగా రాసుకుని, ప్రతి మూడోదీ తీయండి. 20 దొరక్కపోతే ప్రతి రెండోదీ తీయండి. అప్పటికీ చాలకపోతే సర్కిల్లోని పక్క స్టేషన్ కలపండి.

ప్రతి ఫైలునూ చెక్‌లిస్టుతో (ఆరో మెట్టులో ఉంది) సరిచూడండి. ఒక్కో అంశానికి "ఉంది", "లేదు", "వర్తించదు" అని మూడే జవాబులు. "కొంతవరకు" అనే గడి పెట్టకండి. పెడితే సగం గుర్తులు అందులోనే పడతాయి.

జాగ్రత్త: లైంగిక నేరాల ఫైళ్ళు, పోక్సో ఫైళ్ళు ఈ లెక్కలో వేయకండి. బాధితుల గుర్తింపు బయటపెట్టడం బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 72వ సెక్షన్ కింద నేరం. ఏ ఫైలునైనా క్లాసులో ఉదాహరణగా చూపాలంటే పేరు, ఊరు, ఫోను నంబరు కొట్టేసిన జిరాక్సు మాత్రమే వాడండి.

4. ముందు పరీక్ష

సెక్షన్ నంబరు అడిగే ప్రశ్నలు వద్దు. నంబరు తెలిసినంత మాత్రాన పని రాదు, పని వచ్చినవాళ్ళు నంబరు పుస్తకంలో చూసుకుంటారు. సన్నివేశం ఇచ్చి "ఇప్పుడేం చేస్తారు?" అనండి. సోదా కోర్సు కాకుండా కొత్త చట్టాల కోర్సుకైతే పనికొచ్చే మూడు ప్రశ్నలు:

- ఒంగోలు బస్టాండులో పర్సు పోయిందని బస్సెక్కాక గమనించిన ఆవిడ కావలిలో దిగి మీ స్టేషనుకు వచ్చింది. (సరైన జవాబు: జీరో ఎఫ్‌ఐఆర్, అంటే నేరం తమ పరిధిలో జరగకపోయినా కట్టే ఎఫ్‌ఐఆర్, కట్టి, ప్రతి ఉచితంగా ఇచ్చి, కేసును ఒంగోలుకు పంపడం. "ఒంగోలు పోయి కంప్లైంటు ఇయ్యమ్మా" అన్న జవాబు ఇప్పటికీ వస్తుంది. ఎంతమంది అలా రాశారో విడిగా లెక్కపెట్టండి.)
- ఫిర్యాదు ఈమెయిల్లో వచ్చింది. సంతకం సంగతేమిటి? (మూడు రోజుల్లోగా ఫిర్యాదుదారు వచ్చి సంతకం చేయాలి.)
- సాక్షికి 63 ఏళ్ళు, ఉలవపాడులో ఉంటాడు. స్టేషనుకు రమ్మని కబురు పెడతారా? (పెట్టకూడదు. 60 దాటిన మగవారిని, ఏ వయసు స్త్రీలనైనా, వాళ్ళుండే చోటే విచారించాలి. తమంతట తాము వస్తామంటే వేరే సంగతి.)

పేపరు మీద పేరు వద్దు. ప్రతివారూ తమకు గుర్తుండే నాలుగంకెల నంబరు వేసుకోవాలి. తర్వాతి పరీక్షలోనూ అదే నంబరు.

5. క్లాసు జరిగే తీరును గడియారంతో కొలవండి

వెనక బెంచీలో ఒకరు కూర్చుని రెండు అంకెలు రాయాలి: బోధకులు మాట్లాడిన నిమిషాలు, సిబ్బంది చేతులతో పని చేసిన నిమిషాలు. 90 నిమిషాల క్లాసులో మాట 30, పని 60 ఉండాలి. 70 నిమిషాలు స్లైడ్లే నడిచాయంటే ఫలితం కోసం రెండు నెలలు ఆగనక్కర్లేదు, క్లాసును అప్పుడే మార్చేయండి. ప్రాక్టికల్ అప్పుడు ఎనిమిది మందికి ఒక బోధకుడు చొప్పున ఉండాలి.

ఇంగ్లీషు స్లైడ్లు కూడా ఒక అడ్డంకి. పంచనామా తెలుగులో రాసేవారికి తెలుగులోనే నమూనా ఇవ్వండి.

6. చివరి రోజు ప్రాక్టికల్: గది, ఫోను, ఇరవై నిమిషాలు

మొత్తం పద్ధతికి గుండెకాయ ఇదే. ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి.

గదిలో మంచం, బల్ల పెట్టండి. బల్ల సొరుగులో పాత ఫోను, కొంత నగదు ఉన్న సంచి దాచండి. ఇంటి యజమానిగా ఒకరు, మధ్యవర్తులుగా ఇద్దరు సిబ్బందే వేషం కట్టాలి. నలుగురి జట్టు సోదా చేసి, వీడియో తీసి, జాబితా రాసి, సీలు వేయాలి. 20 నిమిషాలు. పరిశీలకులు మధ్యలో నోరు విప్పకూడదు. "అది మర్చిపోయావు" అని అందిస్తే పరీక్ష చెడిపోయినట్టే.

చెక్‌లిస్టు:

1. తలుపు దాటకముందే రికార్డింగు మొదలైంది.
2. స్థలం, తేదీ, సమయం, అధికారి పేరు, హోదా నోటితో చెప్పారు.
3. మధ్యవర్తులిద్దరి ముఖాలూ, పేర్లూ వీడియోలో ఉన్నాయి.
4. వస్తువును ముట్టుకోకముందే అది ఉన్న చోటును చూపారు.
5. ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు సంఖ్య) కెమెరా ముందు చదివారు. ఆన్‌లో ఉన్న ఫోనును నెట్‌వర్కు నుంచి వేరుచేశారు.
6. నగదును నోట్ల వారీగా లెక్కించారు.
7. వీడియో తెగలేదు. తెగితే కారణం, ఆపిన సమయం, మళ్ళీ మొదలైన సమయం చెప్పారు.
8. కవరులో పెట్టడం, సీలు వేయడం వీడియోలో ఉన్నాయి.
9. జాబితా రాయడం, మధ్యవర్తుల సంతకాలు వీడియోలో ఉన్నాయి.
10. జాబితా ప్రతి ఇంటి యజమానికి ఇచ్చారు.
11. హ్యాష్ విలువ నమోదైంది, బీఎస్‌ఏ (భారతీయ సాక్ష్య అధినియం) 63(4) సర్టిఫికెట్‌లో ఏ, బీ రెండు భాగాలూ ఎవరు నింపాలో చెప్పగలిగారు.
12. జీడీలో (స్టేషన్ జనరల్ డైరీలో) రాసిన సమయాలు వీడియో సమయాలతో కలిశాయి.

1, 7, 9 అంశాల్లో ఏ ఒక్కటి ఫెయిలైనా, మిగతావన్నీ ఒప్పయినా ఫెయిలే. సోదా వీడియోలో మొదలూ మధ్యా సంతకాలూ లేకపోతే చట్టం అడిగింది చేతిలో లేనట్టే.

12వ అంశం దగ్గర ఆగి చూడండి. జీడీలో "సాయంత్రం 4.10కి సిబ్బందితో బయల్దేరాను" అని ఉంటుంది. వీడియో ఫైలు మీద 3.55 ఉంటుంది. ఎవరూ అబద్ధం రాయలేదు. సాయంత్రం వచ్చాక గుర్తున్నంతలో జీడీ నింపారు, అంతే. కానీ క్రాస్ ఎగ్జామినేషన్లో డిఫెన్స్ లాయరు ఈ పదిహేను నిమిషాలనే పట్టుకుంటాడు: "స్టేషన్లో ఉండగానే సోదా చేశారా?" కాబట్టి జట్టుతో అక్కడికక్కడే జీడీ ఎంట్రీ రాయించి, వీడియో పక్కన పెట్టి సరిచూడండి. నాలుగు జట్లలో కనీసం ఒకదానికి తేడా వస్తుందనే అనుకోండి. ఈ ఒక్కటి కళ్ళారా చూసినవాళ్ళు మళ్ళీ మర్చిపోరు.

ఆ తర్వాత పరిశీలకులను కూడా పరీక్షించాలి. ఇద్దరూ ఒకే జట్టు వీడియో చూసి విడివిడిగా గుర్తులు పెట్టాలి. 12లో 10 అంశాల్లోనైనా ఇద్దరి గుర్తూ కలవకపోతే తప్పు సిబ్బందిది కాదు, చెక్‌లిస్టు మాటలు సరిగా లేవు. "సక్రమంగా సీలు వేశారు" అని ఉంటే ఒక్కొక్కరికి ఒక్కో అర్థం. "సీలు వేయడం వీడియోలో ఉంది" అంటే గొడవే లేదు.

7. అభిప్రాయ పత్రం

అయిదు ప్రశ్నలు, అయిదు నిమిషాలు. భోజనం బాగుందా, సార్ బాగా చెప్పారా అన్నవాటికి అందరూ బాగుందనే రాస్తారు. పనికొచ్చే ప్రశ్న ఒక్కటి: "రేపు డ్యూటీలో ఇది చేయడానికి ఏది అడ్డొస్తుంది?" ఆ జవాబులు దాచుకోండి, తొమ్మిదో మెట్టులో అక్కరకొస్తాయి.

8. 60వ రోజున మళ్ళీ ఫైళ్ళు

శిక్షణ తర్వాత కట్టిన కేసుల్లోంచి మళ్ళీ 20. అదే చెక్‌లిస్టు, అదే లెక్కన ఎంపిక, వీలైతే అదే పరిశీలకులు. ఫైల్లో కనబడని అంశాల కోసం వీడియో తెరిచి చూడండి. ముందు 20లో 6 ఫైళ్ళు సరిగా ఉండి, ఇప్పుడు 13 ఉన్నాయనుకోండి, అది మార్పు. 6 నుంచి 8 అయితే సంబరపడకండి. ఇంత తక్కువ ఫైళ్ళలో ఒకటి రెండు అటూ ఇటూ కావడం మామూలే. అయిదు కంటే తక్కువ తేడా వస్తే ఇంకో 20 చూసి గానీ మాట చెప్పకండి.

ఇంకా గట్టిగా తెలుసుకోవాలంటే పోలిక పెట్టండి. సబ్ డివిజన్లో సగం స్టేషన్లకు ఈ నెల, మిగతా సగానికి రెండు నెలల తర్వాత శిక్షణ ఇవ్వండి. శిక్షణ అందని స్టేషన్లలో కూడా ఫైళ్ళు అంతే మెరుగుపడ్డాయంటే కారణం మీ క్లాసు కాదు. ఎస్పీ ఆఫీసు మెమోయో, కోర్టు నుంచి ఛార్జిషీట్లు రిటర్న్ కావడమో అయ్యుంటుంది.

ఫిర్యాదు స్వీకరణ మీద కోర్సు జరిగితే ఫైళ్ళతో పాటు పది మంది ఫిర్యాదుదారులకు ఫోను చేయించండి. చేసేది వేరే స్టేషన్ సిబ్బంది అయ్యుండాలి. నాలుగు ప్రశ్నలు: కూర్చోమన్నారా, చెప్పింది పూర్తిగా విన్నారా, ఎఫ్‌ఐఆర్ ప్రతి ఇచ్చారా, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో చెప్పారా. 90 రోజుల్లోగా పురోగతి తెలపాలని బీఎన్‌ఎస్‌ఎస్ 193వ సెక్షన్ చెబుతోంది. ఇచ్చిన నంబరు ఎత్తకపోతే ఆ పేరు వదిలేయకుండా సాయంత్రం మళ్ళీ చేయండి. పగలు రొయ్యల చెరువుల దగ్గరో, పొలంలోనో ఉన్నవాళ్ళు ఫోను తీయరు. వాళ్ళను వదిలేస్తే మీ లెక్కలో టౌనువాళ్ళే మిగులుతారు.

హెచ్చరిక: పరీక్షించడానికని దొంగ ఫిర్యాదుదారును స్టేషనుకు పంపకండి. అబద్ధపు సమాచారంతో ఎఫ్‌ఐఆర్ పుడితే అది శిక్షణ వ్యవహారంగా మిగలదు. వేషాలు శిక్షణ హాల్లోనే.

9. తప్పు ఏ రకందో తేల్చండి, ఆ తర్వాతే మందు

ఫెయిలైన ప్రతి అంశం పక్కన ఒక అక్షరం రాయండి: తె, సా, ప.

తె అంటే తెలియదు. దీనికే మళ్ళీ క్లాసు కావాలి. సా అంటే సామగ్రి లేదు: ఫోనులో చోటు నిండి ఆరో నిమిషంలో వీడియో ఆగిపోయింది, ట్రైపాడ్ లేక చెయ్యి వణికింది, చార్జింగు అయిపోయింది. దీనికి పది క్లాసులు పెట్టినా లాభం లేదు. మెమరీ కార్డు, పవర్ బ్యాంకు కొనాలి. ప అంటే పర్యవేక్షణ లేదు: తెలుసు, సామగ్రీ ఉంది, కానీ ఎవరూ అడగరు. దీనికి ఎస్‌ఐ వారానికి రెండు వీడియోలు తెరిచి చూడడమే మందు.

పక్కా తేడా పట్టే చిట్కా: ప్రాక్టికల్లో పాసై ఫైల్లో ఫెయిలైతే అది సా గానీ, ప గానీ. రెండింటిలోనూ ఫెయిలైతే తె. అభిప్రాయ పత్రాల్లో రాసిన అడ్డంకులు ఇక్కడ పక్కన పెట్టుకుని చూడండి.

10. సరిదిద్దడం

మొత్తం కోర్సు మళ్ళీ పెట్టకండి. ఎక్కువ మంది తప్పిన మూడు అంశాలు తీసుకుని, రోల్‌కాల్‌లో వారానికొక రోజు పది నిమిషాలు, నాలుగు వారాలు చేయండి. ఒక వారం ఒక అంశం, నాలుగో వారం మూడూ కలిపి. ఎవరో చదివి వినిపించడం కాదు, ఒకరు చేసి చూపాలి, మిగతావాళ్ళు తప్పు పట్టాలి. 12 అంశాల కార్డు తెలుగులో అచ్చేసి సోదా కిట్టులోనే పెట్టండి. గోడకు అంటిస్తే సోదా జరిగే ఇంట్లో ఎవరికీ కనబడదు.

వేరే కోర్సులకు మార్చుకోవడం

రోడ్డు ప్రమాదాల్లో మొదటి స్పందనకు కూడా ఇదే పద్ధతి, చెక్‌లిస్టు మారుతుంది. నేషనల్ హైవే 16 మీద పెట్రోలింగు చేసేవాళ్ళకు చూడాల్సినవి: వాహనాన్ని ప్రమాద స్థలానికి వెనక, లైట్లు వెలుగుతూ నిలిపారా, కోన్లు పెట్టారా, మొదటి నిమిషంలోనే 108కి చెప్పారా, రక్తం కారే చోట గట్టిగా అదిమి పట్టారా, హెల్మెట్ తొందరపడి లాగలేదా, సాయం చేసినవాళ్ళను పేరు చెప్పమని బలవంతపెట్టలేదా. చివరిదానికి మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఉంది. ఈ డ్రిల్లు చీకటి పడ్డాక పెట్టాలి, అదీ హైవే మీద కాదు, పరేడ్ గ్రౌండులో. పగటి డ్రిల్లులో రిఫ్లెక్టర్ జాకెట్ మర్చిపోయినా ఎవరికీ తెలియదు.

బందోబస్తు శిక్షణకైతే బ్రీఫింగు ముగిసిన అరగంటకు పాయింటు దగ్గరికి వెళ్ళి మూడు ప్రశ్నలు అడగండి: నీ పై అధికారి ఎవరు, తప్పిపోయిన పిల్లవాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తావు, అంబులెన్సుకు దారి ఎటు. నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలాంటి చోట బయటి నుంచి వచ్చిన సిబ్బందికి స్వర్ణాల చెరువు ఘాట్లు ఎటున్నాయో తెలియకుండానే బ్రీఫింగు అయిపోతుంది. పదిమందిని అడిగితే ముగ్గురు తడబడినా మ్యాపు ఇచ్చి మళ్ళీ చెప్పాల్సిందే.

తరచూ జరిగే తప్పులు

- పరీక్ష ఫలితాన్ని శిక్షగా వాడడం. ఒక్కసారి మార్కు చూసి మెమో ఇచ్చారంటే తర్వాతి బ్యాచ్ మొత్తం దాచడం నేర్చుకుంటుంది. వ్యక్తుల మార్కులు బోధకుల దగ్గరే ఉండాలి. పైకి వెళ్ళేది స్టేషన్ వారీ మొత్తం మాత్రమే.
- 60వ రోజు తనిఖీ ముందే చెప్పడం. చెబితే ముందు రాత్రి ఫైళ్ళు సర్దుతారు. "ఈ నెలలో ఒకరోజు" అంటే చాలు.
- అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను డ్యూటీలు, సంక్రాంతి, రొట్టెల పండుగ చూసుకోకుండా తేదీలు వేయడం. ఆ వారాల ఫైళ్ళు మామూలు పనికి అద్దం పట్టవు. తనిఖీని రెండు వారాలు జరపండి, మానేయకండి.
- హోంగార్డులను వదిలేయడం. వీడియో తీస్తున్న చెయ్యి చాలా చోట్ల వాళ్ళదే.
- అంతా అయ్యాక చెక్‌లిస్టు మార్చడం. మార్చాలనిపిస్తే తర్వాతి బ్యాచ్‌కు మార్చండి, లేకపోతే ముందుకీ తర్వాతకీ పోలిక పోతుంది.

పన్నెండు మందే ఉన్న స్టేషనైతే

ఇంత మంది పరిశీలకులు, బ్యాచ్‌లు మీకు కుదరవు. అప్పుడు ఇలా చేయండి: పక్క స్టేషన్ ఎస్‌ఐతో ఒప్పందం పెట్టుకుని నెలకు అయిదు ఫైళ్ళు మీవి ఆయన, ఆయనవి మీరు, ఎవరి స్టేషన్లో ఫైళ్ళు అక్కడే ఉంచి చూడండి. ఇది జరిగే సంగతి డీఎస్పీకి ముందే చెప్పి అనుమతి తీసుకోండి. ప్రాక్టికల్ స్టేషన్ వెనక గదిలో ఆదివారం పూట ఒక జట్టుకు చాలు. నాలుగు నెలల్లో 20 ఫైళ్ళు పూర్తవుతాయి. అప్పుడు మొదటి పది ఒక పక్క, చివరి పది ఒక పక్క పెట్టి, పన్నెండు అంశాల్లో ఏ వరుసలో "లేదు" తగ్గలేదో చూడండి. వచ్చే నెల రోల్‌కాల్ పది నిమిషాలూ ఆ వరుసకే ఇవ్వండి.